ముందు తీర్పు

సినిమాహాలు మూతపడి ఏళ్లయినా అందరూ అతన్ని ఆపరేటరు అనే పిలుస్తారు. హాలు నుంచి అతను ఇంటికి తెచ్చుకున్న ఆస్తల్లా ఓ కోర్టు సినిమా రీళ్లు. తీసినవాళ్లే మరిచిపోయిన ఆ సినిమా డబ్బాల్లో సర్దుకుని మంచం కింద తిష్ఠవేసింది.

"చీపురు పెట్టడానికి చోటుందా! ఎవరైనా అడిగితే ఇచ్చి పంపండి," అని భార్య రోజూ సతాయించేది. ఆవిడ ఒకప్పుడు అదే హాల్లో టికెట్లు అమ్మిన మనిషి. ఆపరేటరుకు ఆ డబ్బాలంటే ప్రాణం. ఎందుకో చెప్పడానికి మాత్రం సిగ్గు.

అడిగేవాడు రానే వచ్చాడు. పాత సినిమాలు సేకరించే ఆ మనిషి మంచం కింద నుంచి బయటికి లాగిన డబ్బాలు చూడగానే నేలమీద చతికిలబడ్డాడు.

"బాబాయ్ గారూ, దీనికోసం మావాళ్లు కొట్టుకుచస్తున్నారు. మీ హాల్లో చూసినవాళ్లు కథలుకథలుగా చెప్తారు. ముందు తీర్పు, తర్వాత వాదనలు! శిక్ష పడుతుందని మనకి తెలుసు, పాపం ముద్దాయికి తెలీదు. ఆ దర్శకుడిది ఏం బుర్రండీ!"

"తీసుకుపో నాయనా," అంది ఆవిడ, చీపురు పట్టుకుని సిద్ధంగా.

ఆపరేటరు గబుక్కున డబ్బాలకి అడ్డం వచ్చాడు. నిజం చెబితే ఇతగాడి మోజు దిగిపోతుందనుకున్నాడు.

"బుర్రా లేదు, బూడిదా లేదు. ఆఖరి రీలు రెండోదనుకుని ఎక్కించింది నేనే. జనం కళ్లు తుడుచుకుంటుంటే ఓనరు అలాగే ఉంచమన్నాడు. డబ్బాల మీద నంబర్లు కూడా మార్చేశాను."

"అంత పరధ్యానం ఏమొచ్చింది?" అంది ఆవిడ.

ఆపరేటరు చెవులు ఎర్రబడ్డాయి. "నువ్వు మంచినీళ్లు కావాలని మొదటిసారి కేబిన్లోకి వచ్చావు. రీలు చూడాలా, నిన్ను చూడాలా?"

వచ్చినవాడు ఎగిరి గంతేశాడు. "పొరపాటా! తలకిందులుగా అచ్చయిన స్టాంపుకే కదండీ గిరాకీ! ఇక నేను ఇది లేకుండా కదలను!"

సేకరించేవాళ్ల పిచ్చి ఎలాంటిదో పాపం ఆపరేటరుకేం తెలుసు? తన గొయ్యి తనే తవ్వుకున్నాడు. భార్యవైపు చూశాడు.

ఆవిడ డబ్బాలన్నీ మళ్లీ మంచం కిందికి తోసి, పైన దర్జాగా కూర్చుంది.

"ఇవ్వం."

"అదేంటి పిన్నిగారూ! ఇప్పుడేగా తీసుకుపొమ్మన్నారు?"

"ముందు తీర్పు చెప్పేశాను. నీ వాదనలేవో తర్వాత వింటాను. కూర్చో, మంచినీళ్లు తెస్తా."

ఆవిడ లేచి వంటింట్లోకి నడిచింది. ఈసారి ఎక్కించాల్సిన రీలేదీ లేదు. ఆపరేటరు తనివితీరా ఆవిడనే చూశాడు.