పండుగప్ప మీద పోసిన వేన్నీళ్ళు

మార్కాపురంలో మా అత్తగారింట్లో చేపల పులుసంటే ఎండుచేపల పులుసే. అది నా చేతిదే. ఎండు నెత్తళ్ళ మీద మసిలే నీళ్ళు పోసి, ఉప్పూ ఇసకా వదిలించి, వంకాయతో వండేదాన్ని. ఆదివారం ఆ గిన్నె నాది.

మా మరిది పెళ్ళి చేసుకొచ్చిన పిల్లది చీరాల దగ్గర సముద్రపొడ్డు. ఒక ఆదివారం ఆమె పుట్టింటివాళ్ళు థర్మోకోల్ పెట్టెలో ఐసు నింపి, పెద్ద పండుగప్ప చేపను బస్సులో వేసి పంపారు. పెట్టె మూత తీస్తూనే ఆమె మొదలుపెట్టింది.

"ఇది పిల్లప్పుడు ఉప్పుటేట్లో పెరుగుతుంది మామయ్యా. గుడ్లు పెట్టడానికి, ఏరు సముద్రంలో కలిసే మొగకి పోతుంది. అన్నీ ముందు మగవే. బాగా పెరిగాక ఆడవవుతాయి."

"అదేంది, మగది ఆడదయ్యేదేంది?" అంటూ మామ టీవీ కట్టేశాడు. మా నాయన కొమరోలులో బోరు వేయించిన సంగతి నేను చెబుతుంటే సౌండు పెంచిన మనిషి ఆయన.

"తమకన్నా చిన్న పండుగప్ప కనబడితే దాన్నీ మింగేస్తాయి."

"అట్లయితే మీ అక్క కాడ జాగర్తగుండు," అన్నాడు మామ, నన్ను చూపిస్తూ. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

అత్త నా ముందున్న కత్తిపీట తీసి ఆమె ముందు పెట్టింది. "చేప ఆ పిల్లది. పులుసు గూడా ఆ పిల్లే పెట్టనీ. నువ్వు ఉల్లిగడ్డలు కొయ్యి." పెళ్ళయి వచ్చాక ఆ గిన్నె నా చేతిలోంచి పోవడం అదే మొదలు.

ముక్కలు కోసి ఆమె స్నానానికి వెళ్ళింది. అత్త పొయ్యి మీది నీళ్ళు దించి, నెత్తళ్ళకు పోసినట్టే ముక్కల మీద పోసింది. పచ్చిచేపకు అది కూడదని మా ఇద్దరికీ తెలియదు. తోలు ముడుచుకుపోయింది, కండ విడిపోయింది.

తలకు తువ్వాలుతో వచ్చిన చిన్నది, "ఎవరు పోశారు?" అంది.

"పెద్దదే, అలవాటు కొద్దీ పోసింటది," అంది అత్త, గిన్నె వంక చూస్తూ.

"నేను ఉల్లిగడ్డల కాణ్ణించి లేస్తే గదా," అన్నాను.

"పోనీలే అక్కా, తెలియక పోశారు," అని ఆమె నన్ను క్షమించింది. ఆ మాట నాకు ఇప్పటికీ అరగలేదు. విడిపోయిన కండలో అల్లం, పచ్చిమిరప వేసి పిట్టు చేసింది. మామ మళ్ళీ అడిగి పెట్టించుకున్నాడు. నా పులుసును ఏనాడూ అట్లా అడగలేదు.

ఇప్పుడు పులుసు గిన్నె నాకు వచ్చేది, బస్సులో పెట్టె రాని ఆదివారాల్లోనే. ఆ రోజు నెత్తళ్ళు గిన్నెలో వేసి, నీళ్ళు మరగబెట్టి, చిన్నది వంటింట్లో ఉండగా అత్తను పిలుస్తాను.

"నీళ్ళు నువ్వే పొయ్యి అత్తా. నీకు అలవాటే గదా."

అత్త నా మొహం చూడకుండా పోస్తుంది.