గ్లాసులో ఉబ్బే గింజలు

పొద్దున షట్టర్ ఎత్తగానే జగదీశ్వర్ అగరొత్తి వెలిగించడు. ముందు గాజు గ్లాసులో కాసిని నీళ్లు పోసి, చెంచాడు ఇసబ్‌గోల్ గింజలు వేస్తాడు. అవి నీళ్లన్నీ పీల్చుకుని జిగురు ముద్దయ్యేదాకా నిలబడి చూస్తాడు. దేవుడి పటానికి దండం ఆ తరువాతే. రెండేళ్లుగా ఇదే అలవాటు.

నారాయణగూడలో ఆయనది ముప్పై ఏళ్ల మూలికల దుకాణం. మలబద్ధకానికి ఇసబ్‌గోల్ అడిగిన ప్రతివాళ్లకూ "పెద్ద గ్లాసు నీళ్లు తాగాలె, మర్చిపోకుండ్రి" అని చెప్పి మరీ పొట్లం కట్టేవాడు. మధ్యాహ్నాలు చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లేవాడు. చుట్టూ గ్రూప్స్ పరీక్షల పిల్లలు తలలు వంచుకుని చదువుతుంటే, వాళ్ల మధ్య తనూ ఓ పుస్తకం తెరిచి కూర్చోవడం పదో తరగతి తప్పిన ఆ మనిషికి ఎంతో గొప్పగా ఉండేది.

రెండేళ్ల కిందట అక్కడే చైనా మూలికల పుస్తకమొకటి దొరికింది. ఇసబ్‌గోల్‌కు దగ్గరి చుట్టమైన మొక్క ఆ దేశంలో ఉందట. దాని గింజల్ని పల్చటి గుడ్డలో మూటగట్టి ఉడికించి, ఆ నీళ్లు తాగిస్తారట. మూత్రం సాఫీగా వస్తుందని, కాళ్ల వాపు, కళ్ల ఎర్రదనం, కఫం దగ్గు తగ్గుతాయని అక్కడి వైద్యుల నమ్మకం. ఆ పేజీ దగ్గరే పుస్తకం మూసేశాడు.

మర్నాడు విద్యావతి దుకాణానికి వచ్చింది. అశోక్ నగర్‌లో వాళ్లిద్దరివీ పక్కపక్క ఇళ్లు. ఆమె పాదాలు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. గుండె డాక్టరు రోజుకు లీటరు మించి నీళ్లు తాగొద్దన్నాడు.

"తమ్మీ, నీ కాడ ఏమన్న ఉందా దీనికి?"

"ఎందుకు లేదక్కా! చైనోళ్లు ఈ ఇసబ్‌గోల్ అసుంటి గింజలే వాడుతరు. పుస్తకంల చదివిన."

"అబ్బో! చిక్కడపల్లి దాటనోనివి, చైనా దాక పోయినవా? ఉడకపెట్టాల్నా మరి?"

"గంత పరేషాన్ ఎందుకు? చెంచాడు నోట్లేసుకొని మింగెయ్యి. గుక్కెడు నీళ్లు చాలు. నిన్ను తక్కువ తాగమన్నరు గద."

ముప్పై ఏళ్లుగా అందరికీ చెప్పిన మాట ఆ ఒక్కరోజు ఆయన నోట రాలేదు.

సాయంత్రానికి గింజలు ఆమె గొంతు కింద ఉబ్బి అడ్డంపడ్డాయి. ఉమ్మి కూడా దిగలేదు. ఆసుపత్రిలో గొట్టం వేసి తీశారు. జగదీశ్వర్ బత్తాయిల సంచితో వెళ్లేసరికి ఆమె కొడుకు హర్ష మంచం పక్కన ఊగిపోతున్నాడు.

"ఎవరిచ్చిండ్రమ్మా ఇవి? పేరు చెప్పు, పోయి అడుగుత!"

"ఎవ్వరియ్యలే," అంది విద్యావతి బొంగురు గొంతుతో. "వంటింట్ల పాత డబ్బాల ఉంటే నేనే మింగిన. తమ్మీ, కూసో."

ఆయన కూర్చోలేదు. నోరు తెరిచాడు.

"బత్తాయిలు తెచ్చిన," అన్నాడు.

వారం తరువాత లైబ్రరీలో ఆ పుస్తకం తీసి తరువాతి పేజీ చూశాడు. గుడ్డ ఎందుకో అక్కడ రాసి ఉంది: గింజలు జిగురై గొంతుకు అంటుకోకుండా. అది ఆయనకు పుస్తకం చెప్పాల్సిన సంగతి కాదు. మళ్లీ లైబ్రరీ మెట్లెక్కలేదు.

విద్యావతి ఇప్పుడూ కుంకుడుకాయలు ఆయన దగ్గరే కొంటుంది. హర్ష అప్పుడప్పుడు దుకాణం ముందు బండి ఆపి, "నమస్తే అంకుల్, నేను ఆఫీసుకు పోతున్న, అమ్మను జర చూస్తుండండి" అంటాడు. "చూస్త బిడ్డా" అంటాడు జగదీశ్వర్. ఆ గింజలు ఇచ్చింది తనేనని హర్షకు ఇంతవరకూ చెప్పలేదు.