గోడ అవతలి చేప

మొన్న అఫ్జల్‌గంజ్‌లో ఒక దుకాణం ముందు వేలాడుతున్న గాలాలు చూసి అక్కడే నిలబడిపోయాను. చిన్నప్పుడు జహనుమా బస్తీలో మన ఇళ్ల మధ్య గోడలు ఎంత పొట్టిగా ఉండేవో గుర్తుందా, నేస్తం?

అప్పట్లో ఒకసారి, తెల్లారితే హిమాయత్‌సాగర్ చెరువుకు మా ప్రయాణం. గట్టు మీద డేరా వేసి ఒక రాత్రి అక్కడే ఉండాలని బాపు ప్లాను. డేరాలో పరవడానికి అమ్మ పాత జంపఖానా దులిపి ఆరేసింది. నాకూ, ఐదేళ్ల చెల్లికీ ఆ సాయంత్రం ఇంట్లోనే గాలం పాఠం. వెదురు కర్రకు కట్టిన దారాన్ని, ముల్లు లేకుండా, గోడ మీదుగా, మేం ఖాలా అని పిలిచే పక్కింటి పిన్ని వాకిట్లోకి విసరాలి. తర్వాత నోరు మెదపకుండా కూర్చోవాలి.

"లొల్లి చేసినోళ్లను తోల్కపోను," అన్నాడు బాపు.

ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఉన్నట్టుండి చెల్లి దారాన్ని ఏదో గుంజింది. తను ఒక చేత్తో నోరు మూసుకుని, ఇంకో చేత్తో కర్ర లేపింది. దారం కొసకు కాగితం పొట్లం, అందులో ఇంకా వెచ్చగా ఉన్న నాన్‌ఖటాయి బిస్కెట్లు. గోడ అవతల ఖాలా నవ్వు వినిపించింది.

మర్నాడు చెరువు గట్టున గంటసేపు కూర్చున్నా ఒక్క చేపా పడలేదు. చెల్లి దారం పైకి లాగి, ఖాళీ కొసను చూసి, నీళ్లలోకి తొంగిచూసింది.

"బాపూ, ఈడ ఖాలా లేదా?"