పెళ్ళిచూపుల లాంచీ మేట ఎక్కిన రోజు

ఇరవై ఆరేళ్ళుగా ఒక మాట నాలో ఉండిపోయింది. పైకి కనపడే బరువు కాదు. దాన్ని మోస్తూనే భోంచేశాను, నవ్వాను, పిల్లల్ని చదివించాను, సినిమాలు చూశాను. కాని ఎవరైనా నా లెక్కని మెచ్చుకున్న ప్రతిసారీ అది లోపల ఒకసారి కదిలేది. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు అక్కర్లేదు. తెలియని మనిషికి చెప్పడం తేలికనుకున్నాను. రాయడానికి కూర్చున్నాక అంత తేలిక కాదని అర్థమవుతోంది.

మాది అమలాపురానికి అవతల, గోదావరి పాయ సముద్రంలో కలవబోయే చోట ఉన్న రేవుపేట. ఒకప్పుడు ఓడలు ఆగిన చోటు. దొరల నాటి గిడ్డంగులు, సుంకం బంగళా, ఉప్పు నిలవచేసే కొటార్లు ఇంకా నిలబడే ఉన్నాయి. వంతెన కట్టాక లాంచీలు ఆగిపోయాయి. రేవు మెట్ల మీద బట్టలు ఆరేసుకునేవాళ్ళు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. ఇప్పుడు ఆదివారం పొద్దున్నే జ్యోతి అనే అమ్మాయి బయటి ఊళ్ళ వాళ్ళని వెంటబెట్టుకుని ఆ వీధులన్నీ నడిపించి చూపిస్తోంది. ఒకప్పుడు మా లాంచీ నడిపిన సరంగు పోతురాజు గారి మనవరాలు తను.

ఒక ఆదివారం మా ఆవిడ సుగుణ మనమూ వెళ్దామంది. మన వీధి మనకి చూపించడానికి గైడు ఎందుకన్నాను. "పుట్టి బుద్ధెరిగేక మీరు అంకెలు తప్ప తలెత్తి ఏం చూసేరు గనక" అంది. గొడుగు తీసుకుని బయల్దేరింది. వెనకే నేను.

నిజం చెప్పాలంటే ఆ పొద్దుటి పూట నేనంత సంతోషంగా ఉండి చాలా కాలమైంది. రాజమండ్రి నుంచి రిటైరైన మాస్టారి దంపతులు, కాకినాడ నుంచి కాలేజీ పిల్లలు వచ్చారు. జ్యోతి వెనక్కి నడుస్తూ, మాకు ఎదురుగా తిరిగి చెబుతూ పోతోంది. ఒక్కసారి కూడా కాలు తడబడలేదు. పాత గిడ్డంగి తలుపు కొడితే లోపల కొబ్బరికాయల రాశి, దాని వెనకనుంచి నోట్లో బ్రష్షుతో యజమాని. ఆయనా చరిత్రలో భాగమే అనుకుని కాలేజీ పిల్లలు ఫొటో తీశారు. మలుపులో ఒక ముసలమ్మ అరుగు మీంచి అడిగింది, ఏం చూస్తున్నారండీ, కూలిపోయే మా గోడేనా అని. "ఆయ్, అదేనండి మామ్మగారూ. కూలకముందు చూసిపోదామని" అంది జ్యోతి. ముసలమ్మే అందరికంటే ఎక్కువ నవ్వింది.

సుగుణ ఊరుకుంటుందా? ఆ కిటికీ కాదమ్మా, పక్కది అంటూ మధ్యలో సర్దుతూ వచ్చింది. కాసేపటికి సగం మంది మా ఆవిడ చుట్టూ చేరారు. నేను వెనకనుంచి చూస్తున్నాను. సుంకం బంగళా చూరు కింద చెక్కిన పడవ బొమ్మ ఉందని నాకు యాభై ఏళ్ళు వచ్చాక తెలిసింది. రోజూ దాని కిందనుంచే పనికి వెళ్ళేవాణ్ణి.

చివరికి రేవు మెట్లకి చేరాం. నిండు పోటు. నీళ్ళు మూడో మెట్టు తాకుతున్నాయి, గాలి బాగుంది. జ్యోతి అందరినీ కూర్చోబెట్టి వాళ్ళ తాతగారి గురించి మొదలుపెట్టింది. ఆయన చుక్కాని పట్టినన్నాళ్ళలో ఒకే ఒక్కసారి లాంచీని ఇసకమేట ఎక్కించారట. అదీ ఎవరితో? పెళ్ళిచూపులకి వస్తున్న మగపెళ్ళివారితో. జ్యోతి ఒక కాలేజీ కుర్రాణ్ణి లేపి పెళ్ళికొడుకుని చేసింది. కొత్త ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, ఇసకమేటలో దిగి లాంచీని నెట్టినట్టు అభినయం చేయించింది. పెళ్ళికొడుకు తల్లి, అమ్మాయి వాళ్ళకని తెచ్చిన పూతరేకుల డబ్బా విప్పి, ఆకలికి ఆగలేక సరంగుతో సహా అందరికీ పంచేసిందట. నీళ్ళు మళ్ళీ ఎక్కేసరికి వర్జ్యం వచ్చేసింది. ఇంకేం పెళ్ళిచూపులు, లాంచీ తిప్పమందట ఆవిడ.

జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. సుగుణ చెయ్యెత్తింది. "ఆ పెళ్ళికూతుర్ని నేనేనండి." ఇక నవ్వులే నవ్వులు, ఫొటోలే ఫొటోలు.

అప్పుడు జ్యోతి కొంచెం గొంతు తగ్గించి, తాతగారికి అప్పటికే చూపు మందగించిందని, ఎవరికీ చెప్పలేదని, ఆ రోజుతో చుక్కాని వదిలేశారని చెప్పింది. ఎంతటివాళ్ళకైనా ఒకరోజు అలాంటిది వస్తుంది కదండీ అంది. ఆ వెంటనే నన్ను చూపించి, ఈ మావయ్యగారి పోటు లెక్క మాత్రం ఒక్కనాడూ తప్పలేదని చెప్పింది. అందరూ నాకు చప్పట్లు కొట్టారు. నేను దణ్ణం పెట్టాను.

దణ్ణం పెట్టాను. అది ఎలా చేయగలిగాను?

ఇప్పుడు అసలు సంగతి.

అప్పుడు నేను సుగుణ వాళ్ళ నాన్నగారి కొబ్బరిపీచు కొట్లో లెక్కలు చూసేవాణ్ణి. పదో తరగతితో చదువు ఆగింది. లెక్క మాత్రం ఆగలేదు, దొరికినచోటల్లా నేర్చుకున్నాను. పోటుపాట్ల లెక్క చేపల వేటకెళ్ళే ఒక తాత వేళ్ళమీద నేర్పాడు. అమావాస్యకైనా పున్నమికైనా మా రేవులో పది గంటలకి పోటు నిండుతుంది. ఆ తర్వాత ఎన్నో తిథి అయితే ఆ అంకెని నాలుగుతో హెచ్చవేసి అయిదుతో భాగిస్తే, పోటు ఎన్ని గంటలు జరిగిందో వస్తుంది. దాన్ని మా మేటల తీరుకి సర్ది, ఏ రోజు ఏ వేళకి లాంచీ దాటుతుందో చెప్పేవాణ్ణి. సరంగు గారు సైతం పొద్దున్నే వచ్చి నన్నడిగి వెళ్ళేవారు. ఇరవై నాలుగేళ్ళ వాణ్ణి. అంత పెద్దాయన వచ్చి అడుగుతుంటే ఎంత గొప్పగా ఉండేదో మీరు ఊహించుకోండి.

సుగుణ మధ్యాహ్నం వాళ్ళ నాన్నగారికి క్యారేజీ తెచ్చేది. నేను హెచ్చవేత మొదలుపెట్టేసరికి తను గుమ్మంలోంచే జవాబు చెప్పేసి నవ్వుతూ వెళ్ళిపోయేది. మా మధ్య ఉన్నది అంతే. నేనెప్పుడూ ఏమీ అడగలేదు.

ఒకరోజు వాళ్ళ నాన్నగారు, రేపు అవతలి గట్టునుంచి పెళ్ళిచూపులకి వస్తున్నారు, ఎన్నింటికి లాంచీ ఎక్కమని కబురు పెట్టమంటావు అని అడిగారు. మర్నాడు త్రయోదశి. మనసులో కట్టాను. రాత్రి ఎనిమిదిన్నరకి పోటు, దానికి ముందుది పొద్దున్న ఎనిమిదికి, మధ్యలో మధ్యాహ్నం రెండింటికి నీళ్ళు తీసి అడుగు తేలుతుంది. పదకొండు లోపల ఎక్కాలి. ఇంకోసారి కట్టాను. అదే వచ్చింది.

"ఒంటిగంటకి ఎక్కమనండి" అన్నాను.

నోరు జారిందని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. కంగారులో తీసివేత తప్పిందని కూడా చెప్పుకున్నాను. రెండుసార్లు కట్టినవాడికి కంగారేమిటి? లాంచీ ఆగుతుందని నాకు తెలుసు. ఆగాలనే చెప్పాను.

ఆగింది. రేవు మెట్ల మీద నిలబడి మేం చూస్తుండగానే ఏటి మధ్యలో ఆగింది. గెడ వేసి చూస్తే మోకాలి లోతట. మిగిలింది జ్యోతి చెప్పినట్టే జరిగింది. పెళ్ళికొడుక్కి ఏ నష్టమూ జరగలేదు; రామచంద్రపురంలో సంబంధం కుదిరి, దుబాయి వెళ్ళి సుఖంగా ఉన్నాడు. మొదటి అడుగులోనే నావ ఆగడం అపశకునమని సుగుణ వాళ్ళ నాన్నగారు ఆ సంబంధం వదిలేశారు. ఏడాది తిరక్కుండా మా మేనమామ మాట కదిపితే, ఇంట్లో వాడిలాంటి వాడే కదా అని సుగుణని నాకిచ్చారు. నా సంతోషం మొత్తం ఆ మేట మీద కట్టుకున్నదే. దాన్ని నేను కాదనలేను. ఈ ఇరవై అయిదేళ్ళ కాపురం నాకు మళ్ళీ ఇస్తానంటే మళ్ళీ ఒంటిగంటే చెబుతానేమో. ఇదీ రాయాలి కాబట్టి రాస్తున్నాను.

కాని నా అసలు తప్పు అది కాదు. ఆ మర్నాటిది.

పోతురాజు గారు పొద్దున్నే కొట్టుకి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు. లాంచీ తీసేటప్పుడే నీళ్ళు వెనక్కి తీస్తున్నట్టు ఆయనకి అనిపించిందట. కాని నేను ఒంటిగంట అన్నానని నమ్మి వదిలారట.

"బాబూ, నీళ్ళుంటాయన్నావు. అడుగు తగిలింది. నీ లెక్క తప్పిందా, నా కన్ను తప్పి లోతు కాలవ వదిలేనా?"

ఆయన కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకుందామని అడిగారు.

"లెక్క తప్పలేదండి" అన్నాను.

"అయితే నా కన్నే నాన్నా" అన్నారు.

అబద్ధం ఎక్కడుంది అందులో? లెక్క తప్పలేదు. నేను కట్టినది ఒకటి, చెప్పినది ఒకటి. ఆ సందులో దూరి దాక్కున్నాను. ఎందుకు? సుగుణ విషయం బయటపడుతుందనా? అదొక భయం. కాని అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. లెక్క తప్పిందంటే రేపటినుంచి నన్నెవరు అడుగుతారు? పేరు పోతుందని భయపడ్డాను. నా పేరు నిలబెట్టుకోవడానికి ఆయన కన్ను తీసుకున్నాను.

నా లెక్క తప్పదు కాబట్టి సరంగే తప్పాడని ఊరు తేల్చేసింది. ఆయన అమలాపురం వెళ్ళి కళ్ళు చూపించుకున్నారు. చూపు బాగానే ఉందని డాక్టరు చెప్పాడు. ఆయన డాక్టర్ని నమ్మలేదు. నన్ను నమ్మారు. చుక్కాని కొడుక్కి ఇచ్చేసి మెట్ల మీద కూర్చునేవారు. నాలుగేళ్ళ క్రితం పోయారు. వంతెన కట్టేదాకా, కొడుకు కోసం, పొద్దున్నే వచ్చి నన్ను పోటు అడుగుతూనే ఉన్నారు. ఎన్ని పొద్దులు! ఏ ఒక్క పొద్దున చెప్పినా సరిపోయేది.

ఆ ఆదివారం, చప్పట్లయ్యాక, అందరూ కొబ్బరిబొండాల బండి దగ్గరికి కదిలారు. నేను జ్యోతినీ సుగుణనీ పక్కకి పిలిచాను. పైన మీకు రాసినదంతా చెప్పాను. ఇంత వరసగా కాదు. వెనకా ముందూ అయింది.

ముందు సుగుణ మాట్లాడింది. "ఒక్క మాట నన్నడగాల్సింది. ఆ సంబంధం వద్దని మా నాన్నతో నేనే చెప్పేదాన్ని. ఆ పెద్దాయన్నెందుకు ముంచేరు?"

అడిగితే సరిపోయేదన్నది నాకు ఇన్నేళ్ళలో తట్టనే లేదు. లెక్కతో సాధించాలనుకున్నాను గాని, మనిషిని అడగొచ్చు అనుకోలేదు.

జ్యోతి నాకేసి తిరిగింది.

"తాతగారి చూపు బాగానే ఉందా అయితే?"

"ఆయ్ అమ్మా. బాగానే ఉంది."

"ఆ మాట వాళ్ళందరికీ చెప్పండి. నేను చెప్పిన చోటే నిలబడి."

బొండాలు తాగుతున్నవాళ్ళని మళ్ళీ మెట్ల దగ్గరికి పిలిచింది. నేను నిలబడి చెప్పాను. సరంగు గారి తప్పేమీ లేదు, నీళ్ళు లేవని తెలిసే నేను ఒంటిగంట చెప్పాను, ఆయన అడిగితే దాచాను అన్నాను. తర్వాత కాలేజీ పిల్లలు ఈలలు వేసి చప్పట్లు కొట్టారు. రాజమండ్రి మాస్టారు నా చెయ్యి పట్టుకుని, క్లైమాక్సు చాలా బాగా పెట్టేరండి అన్నారు. ఇదీ నడకలో భాగమే అనుకున్నారు. జ్యోతి చప్పట్లు కొట్టలేదు. సుగుణ గొడుగు వేసుకుని ముందు నడిచి వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి ఆదివారమూ వెళ్ళాను, పిలవకుండానే. మెట్ల దగ్గర జ్యోతి, మా తాతగారు లాంచీని ఎప్పుడూ మేట ఎక్కించలేదండి అని చెప్పి నాకేసి చూసింది. నేను లేచి చెప్పాను. అప్పటినుంచి ప్రతి వారం అదే పని. సుగుణ రెండు వారాలు రాలేదు, మూడోవారం వచ్చింది. పెళ్ళికూతుర్ని నేనేనని ఇప్పుడూ చెయ్యెత్తి నవ్విస్తుంది. ఇంట్లో మాత్రం, ఆ పెద్దాయన్నెందుకు ముంచేరని అప్పుడప్పుడు మళ్ళీ అడుగుతుంది. జ్యోతి నన్ను మావయ్యగారని పిలవడం మానేసింది. ఏమండీ అంటుంది, మర్యాదగానే.

క్షమించమని ఎవరినీ అడగలేదు. అడగాల్సిన మనిషి లేరు. ఆయన తరఫున క్షమించే అధికారం ఇంకెవరికుంది? కొత్తవాళ్ళు కొందరు నవ్వుతారు, కొందరు నన్నదోలా చూస్తారు. చెప్పడం అయిపోయాక ఎండ హాయిగా ఉంటుంది, బొండం నీళ్ళు తియ్యగా ఉంటాయి. నాకలా హాయిగా ఉండొచ్చా అని నన్ను నేను అడుగుతాను. తెలియదు. కాని ఉంటోంది.