సువార్తమ్మ ఎడమ చెయ్యి

1944. నరసరావుపేటలో ఒక మిషన్ ఆడపిల్లల బడి. అంతకు రెండేళ్ళ ముందు, బాంబులు పడతాయన్న భయంతో మద్రాసు సగం ఖాళీ అయినప్పుడు నేనూ మూటాముల్లె సర్దుకుని మా అన్నయ్య ఇంటికి వచ్చేశాను. అప్పటిదాకా మద్రాసు హాళ్ళలో పియానో కచేరీలు చేసినదాన్ని. ఇక్కడ ఆ కచేరీలు ఎవరిక్కావాలి? బడిలో ఓ పాత పియానో ఉందని తెలిసి సంగీతం టీచరుగా చేరాను.

పియానోలో మీట నొక్కితే లోపల ఫెల్టు చుట్టిన చిన్న సుత్తి తీగను కొడుతుంది. దాన్ని హేమర్ అంటారు. చెక్క, తీగ, ఫెల్టు, అన్నీ వాతావరణానికి లొంగేవే. పల్నాటి ఎండకు చెక్క బీటలు వారకుండా వేసవిలో పెట్టె అడుగున నీళ్ళ ముంత పెట్టేదాన్ని. వానాకాలం వస్తే చెమ్మకు ఉబ్బి, నొక్కిన మీట మళ్ళీ పైకి లేచేది కాదు. ఆ మొండి పెట్టెతో వేగడం నాకు అలవాటైపోయింది. మొండితనంలో నేనూ దానికి తీసిపోను.

సువార్తమ్మ మా హాస్టల్లో వంటమనిషి. గురజాల దగ్గర పల్లె. ఆవిడకు పాతికేళ్ళు నిండకుండానే భర్త పోయాడు. పొయ్యి పొగకు దగ్గు పట్టుకుంది. పొగకు దూరంగా ఉండకపోతే ఊపిరితిత్తులు దక్కవని డాక్టరు చెప్పాడు. వంట మానేస్తే కూడెక్కడిది? అప్పుడే చిన్నపిల్లల సంగీతం క్లాసుకు మనిషి కావాల్సి వచ్చింది. పియానో పరీక్ష ప్యాసైనవాళ్ళకే ఆ ఉద్యోగమని హెడ్‌మిస్ట్రెస్ దొరసాని చెప్పింది. ఆ మాట వంటింటిదాకా పోయింది.

"టీచరమ్మగారూ, మా ఊరి చర్చిలో ఆర్మణీ వాయించేదాన్ని. ఈ పెట్టె గూడా నేర్పండి. పొయ్యికాడ ఇంకో రెండేళ్ళుంటే నేను మిగల్ను," అంది సువార్తమ్మ, గుమ్మం దాటకుండా నిలబడి.

నేర్పుతాను గానీ నా దగ్గర ఏడుపులు కుదరవని చెప్పాను. ఏడవడానికి తనకు తీరిక లేదంది. ఆ జవాబు నాకు నచ్చింది.

నొటేషన్, అంటే గీతల మీద రాసే స్వరాలు, ఇట్టే పట్టేసింది. కుడి చెయ్యి చక్కగా నడిచేది. ఎడమ చేతి దగ్గరే వచ్చింది చిక్కు. హార్మోనియం వాయించేవాళ్ళ కుడి చెయ్యి మీటల మీద ఉంటే, ఎడమ చెయ్యి వెనక బెలోస్ ఊపుతుంది. గాలి కొట్టే తిత్తి అది. పియానోలో సగం సంగీతం ఎడమ చేతిదే. సువార్తమ్మ వాయించడం మొదలెట్టగానే ఆ చెయ్యి మీటలు వదిలేసి గాలిలో విసనకర్రలా ఊగేది. కిటికీలోంచి చూసి పిల్లలు ఒకటే నవ్వు. ఆవిడ సిగ్గుతో చెయ్యి ఒళ్ళో దాచుకునేది.

ఇలా కాదని కుడి చేతిని పైట చెంగుతో చుట్టేసి, ఇకనుంచి ఎడమ చెయ్యి ఒక్కటే వాయించాలన్నాను. వంటింట్లోనూ దాన్ని ఊరికే ఉంచొద్దన్నాను. ఆవిడ నా మాట నాకంటే గట్టిగా పట్టుకుంది. పులుసు కలిపినా, జొన్నరొట్టె తిప్పినా ఎడమ చేత్తోనే. పప్పు ఉడికేలోగా పీట అంచు మీద ఆ వేళ్ళు స్కేల్స్, అంటే స్వరాల వరుసలు, నడిపేవి.

అక్కడే కొంప మునిగింది. ఒక సాయంత్రం వేళ్ళ ధ్యాసలో పడి పంక్తిలో అన్నం కూడా ఎడమ చేత్తోనే వడ్డించేసింది. పిల్లలు కంచాలు ముందుకు నెట్టేసి లేచిపోయారు. హాస్టల్ మేట్రన్ కరుణమ్మ ఆవిడను వెంటబెట్టుకుని నా గదికి వచ్చింది.

"ఎడం చేత్తో పెడితే బిడ్డలెట్టా తింటారమ్మా? ఏంది ఈ చదువు? ఇయ్యాల్టితో ఆపండి."

కరుణమ్మ కోపంలో తప్పేమీ లేదు. ఎడమ చేత్తో చిల్లర ఇస్తే నేనూ తీసుకోను. దొరసాని కూడా మేట్రన్ మాటే సరేనంది. నాకు పట్టుదల వచ్చింది. మర్నాటి నుంచి వడ్డన నేను చేస్తాను, ఆ వేళకు సువార్తమ్మ పియానో దగ్గర ఉంటుంది, సరేనా అని దొరసానినే అడిగాను. ఏ కళనుందో గానీ ఒప్పుకుంది. మద్రాసులో చప్పట్లు అందుకున్న నేను పరీక్షదాకా ఆ పిల్లలకు గరిటెతో పులుసు పోశాను. సగం కంచంలో, సగం నేల మీద. వాళ్ళు కడుపారా నవ్వుకున్నారు. పక్క గదిలోంచి ఎడమ చేతి పాఠం వినపడుతూనే ఉండేది.

గుంటూరులో పరీక్ష రోజు ఒకటే ముసురు. మద్రాసు నుంచి వచ్చిన దొర పరీక్షకుడు. అక్కడి పియానో నాకూ కొత్తే. దుబాసీగా నన్ను లోపల కూర్చోనిచ్చారు. మొదటి పాట సగంలో పైస్థాయి మీట ఒకటి ఇరుక్కుని లేవలేదు. సువార్తమ్మ కుడి చెయ్యి తడబడి ఆగిపోయింది. కానీ ఎడమ చెయ్యి ఆగలేదు. తొణక్కుండా తన దారిన తను నడిచింది. కాసేపటికి కుడి చెయ్యి వచ్చి దానితో కలిసింది.

అందరికీ ఎడమ చెయ్యి బలహీనంగా ఉంటుంది, ఈమెకు ఇలా ఎలా కుదిరిందని దొర అడిగాడు. ఆ ప్రశ్న సువార్తమ్మకు తెలుగులో చెప్పాను.

సువార్తమ్మ ఆ చేతిని చూసుకుంది. "కుడి చేతికి చానా పనులున్నయ్ దొరగారూ. అన్నం పెట్టాల, దణ్ణం పెట్టాల. తిత్తి ఊపడం తప్ప దీనికి ఎవురూ ఏ పనీ ఇయ్యలేదు. ఇదొక్కటే దొరికింది. అందుకే వదల్లా."

ఆ మాట ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. దొర తలూపి రెండో పాట వాయించమన్నాడు.

ఆవిడ ప్యాసైంది. పొయ్యి వదిలింది, దగ్గూ మెల్లగా తగ్గింది. యుద్ధం అయ్యాక నేను మద్రాసు వెళ్ళి మళ్ళీ కచేరీలు చేశాను, ఎందరికో పాఠాలూ చెప్పాను. చేతిలో ఉన్న బలం కంటే, ఆ చేతికి ఇంతవరకూ ఏ పనీ దొరకలేదేమో ముందు చూడాలని నాకు నేర్పింది సువార్తమ్మే. కొత్తగా చేరిన పిల్లలకు నేను ఎడమ చేత్తోనే మొదలుపెడతాను. శుభమా అని మొదటి రోజు ఎడమ చెయ్యేమిటని తల్లులు మొహం చిట్లిస్తారు. చిట్లించనీ.