కాగితం టోపీ పెట్టిన గ్లాసు

వీధిలో అందరూ ఆమెను కడుగుడత్త అంటారు. కొత్త చీపురు కొన్నా ముందు దాన్ని కడిగి ఆరబెట్టి, ఆ తర్వాతే ఊడ్చే మనిషి. ఇంట్లోకి వచ్చిన సరుకుల్లో వదిన కడగకుండా వదిలింది ఉప్పొక్కటే, అదీ కరిగిపోతుందని భయపడి, అని మరిది వేళాకోళమాడేవాడు.

సముద్రం ఒడ్డున లాడ్జిలో గదులు తుడిచే పనికి కుదిరినప్పుడు, తగిన మనిషికి తగిన పని దొరికిందన్నారు. మొదట్లో అలాగే ఉండేది. తర్వాత ఊరికి టూరిస్టుల్ని రప్పించాలని పెద్దలందరికీ పూనకం వచ్చింది. ఒడ్డంతా తవ్విపోశారు. పాత లాడ్జి పక్కనే అద్దాల గోడలతో కొత్త భవనం లేచింది. గదులు రెట్టింపయ్యాయి, తుడిచే చేతులు మాత్రం అవే. ఒకళ్ళు దిగి వెళ్తుంటే ఇంకొకళ్ళు పెట్టెలతో మెట్ల దగ్గర కాచుకుని ఉండేవాళ్ళు.

అప్పుడు మేనేజరు ఒక ఉపాయం కనిపెట్టాడు. పోయేవాడి తువ్వాలుతోనే వచ్చేవాడి గది తుడవాలట. వాడు ఒళ్ళు తుడుచుకుని మూల పడేసిన తడి తువ్వాలు. ముందు దానితో వాష్‌బేసిన్, తర్వాత కమోడ్ మూత, ఆఖరికి దానితోనే మంచినీళ్ళ గ్లాసులు. ఎలాగూ లాండ్రీకి పోయేదే కదా అని ఆ మహానుభావుడి లెక్క. తుడిచిన గ్లాసు మీద కాగితం టోపీ పెట్టాలి. దాని మీద 'మీ కోసం శుభ్రం చేయబడినది' అని అచ్చు. థూ, సిగ్గులేని బతుకు.

ఇది పద్ధతి కాదని ఆమె వెళ్ళి మేనేజరుతో చెప్పింది. అతను ఫోనులోంచి తల ఎత్తలేదు.

"కంటికి మెరిస్తే చాలత్తా. నాలుక పెట్టి చూస్తారా ఏంటి?"

గ్లాసుకి నాలుక పెట్టక మోచెయ్యి పెడతారా? ఆ మాట మనసులోనే అనుకుని ఆమె తువ్వాలు అందుకుంది. మొగుడు నడుం దెబ్బతిని మంచాన పడ్డాడు, పొయ్యి వెలగాలంటే ఈ పనే దిక్కు. తుడిచింది. రోజూ తుడిచింది. ఇంటికొచ్చి అరచేతులు మండేదాకా తోముకునేది. ముద్ద నోటి దగ్గరికి రాగానే ఆ తువ్వాలు కంపు గుర్తొచ్చి కంచం పక్కకి జరిపేసేది. తన మీద తనకే రోత పుట్టింది.

అలాంటి రోజుల్లో ఆమె చెల్లెలు మొగుడితో కలిసి సముద్రం చూడ్డానికి వచ్చింది. ఇరుకింట్లో అక్కని ఇబ్బంది పెట్టడం ఎందుకని, అక్క పనిచేసే చోటే కొత్త భవనంలో గది తీసుకుంది. ఏ గది ఇచ్చారో అక్కకి తెలియదు. సాయంత్రం పలకరించడానికి వెళ్తే, అది పొద్దున తను తుడిచిన గదే. చెల్లెలు గ్లాసు మీది టోపీ తీసి నీళ్ళు పోసుకుంటోంది.

"నీ చేతి శుభ్రం కదక్కా, కళ్ళు మూసుకుని తాగేయొచ్చు" అంది నవ్వుతూ.

ఆమె గ్లాసు లాక్కుంది. "తాగకే."

ఎందుకని అడిగితే అబద్ధమాడలేకపోయింది. కమోడ్ మూతతో సహా అంతా చెప్పేసింది. చెల్లెలు తిట్టలేదు, జాలిపడలేదు, ఊరికే వింది. చెప్పేశాక ఆమెకు గుండె తేలికైంది. భోజనానికి రమ్మని ఇంటికి తీసుకెళ్ళి, కూర్చోబెట్టి, గ్లాసు సబ్బుతో రెండుసార్లు తోమి మంచినీళ్ళు తెచ్చింది.

చెల్లెలు గ్లాసు అందుకోలేదు. అక్క చేతుల వంక చూసి, చూపు తిప్పుకుంది.

"వద్దులే అక్కా. దాహంగా లేదు" అంది.