లోపలి వైపు గడియ

శ్యామసుందరికి నలభై ఎనిమిదేళ్లు. పదిహేడేళ్ల కిందట భర్త ఉద్యోగం వెంట తెనాలి నుంచి సిడ్నీ వచ్చింది. ఆయన పోయాక టూంగాబీలో అద్దె ఇంట్లో ఒంటరిగా ఉంటూ, బట్టల అలమరాలు చేసి బిగించే చిన్న కంపెనీలో డిజైనరుగా పనిచేస్తోంది. ఇళ్లకు వెళ్లి కొలతలు తీసుకోవడం, బొమ్మ గీసి చూపించడం ఆమె పని. తెలుగువాళ్ల ఇళ్లకు ఆమెనే పంపుతారు. పట్టుచీరలకు అర ఎంత లోతుండాలో, ఊరికి తీసుకెళ్లే పెద్ద సూట్‌కేసులు ఎక్కడ ఇముడుతాయో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అలాగని ధైర్యస్తురాలేం కాదు. మోటర్‌వే ఎక్కాలంటే భయపడి చుట్టుదారిన కారు నడుపుకుంటూ వెళ్లే మనిషి.

మొన్న మార్చిలో ఒక శనివారం క్వేకర్స్ హిల్‌లో ఒక కొత్త ఇంటికి వెళ్లింది. దీక్షిత్, సృజన అనే యువ దంపతుల ఇల్లది. పడకగదిని ఆనుకుని కిటికీ లేని చిన్న గది ఉంది. దాన్ని వాక్-ఇన్ వార్డ్‌రోబ్‌గా, అంటే లోపలికి నడిచి వెళ్లే బట్టల గదిగా మార్చాలి. ఏది అడిగినా దీక్షితే జవాబు చెబుతున్నాడు.

"చీరలు ఎన్నుంటాయమ్మా?" అని సృజనను అడిగింది శ్యామసుందరి.

"ముప్పై, ఆంటీ. తనకవన్నీ తెలీవు," అని అతను నవ్వాడు.

ఫోన్ మోగడంతో అతను పెరట్లోకి వెళ్లాడు. సృజన ఆ చిన్న గదిలోకి వచ్చి, శ్యామసుందరికి బాగా దగ్గరగా నిలబడింది.

"ఆంటీ, ఈ తలుపుకు గడియ లోపటి దిక్కు పెట్టొస్తదా?"

"బట్టల గదికి లోపల గడియ ఎందుకమ్మా?"

"బయటికెల్లి గట్టిగ తంతే ఆగుతదా?"

శ్యామసుందరి చేతిలోంచి టేపు జారి సర్రున చుట్టుకుపోయింది. అంతలో అడుగుల చప్పుడు వినిపించింది. దీక్షిత్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఏంటి ముచ్చట్లు?"

"చీరలు మడత పెడతారా, తగిలిస్తారా అని అడుగుతున్నా బాబూ," అంది శ్యామసుందరి.

మిగతా కొలతలు రాసుకుని ఇంటికి వచ్చేసింది. మనకెందుకులే అని ఆదివారమంతా తనకు తాను చెప్పుకుంది. అన్నం ఉడికించుకుని తినకుండానే మూత పెట్టేసింది. ఆ పిల్ల అడిగింది గడియ గురించి కాదనీ, ఎంతసేపు బతకగలనని అడిగిందనీ అనిపించింది.

సోమవారం పొద్దున ఆఫీసు కారు పార్కింగులోంచే కుటుంబ హింస బాధితుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసింది. అవతల మాట్లాడిన ఆవిడ నిదానంగా చెప్పింది. కిటికీ లేని, ఒకే తలుపున్న గది ఆశ్రయం కాదు, బోను. గడియ బిగించి కాపాడాననుకోవద్దు. ఆమె ఫోన్‌కు మెసేజీలు పంపవద్దు, అతను చూస్తాడు. వీలైతే ఒంటరిగా మాట్లాడే అవకాశం మాత్రం ఇప్పించండి.

చెక్కలు కోయించే ముందు ఇంకోసారి కొలవడం ఎలాగూ ఉండేదే. దీక్షిత్‌కు ఫోన్ చేసి, బుధవారం పొద్దున తప్ప తనకు ఖాళీ లేదని చెప్పింది. ఆ వేళకు అతను పారమట్టాలో ఆఫీసులో ఉంటాడు.

బుధవారం తలుపు తీసిన సృజన నోరు మెదపకుండా కళ్లు పైకెత్తింది. హాల్లో ఒకటి, పడకగదిలో ఒకటి, చిన్న కెమెరాలు. అవి లేనిది బట్టల గదిలోనే. లోపలికెళ్లాక శ్యామసుందరి తన ఫోన్‌లో హెల్ప్‌లైన్ నంబరు నొక్కి ఆ పిల్ల చేతిలో పెట్టింది. తాను మాత్రం పడకగదిలో కెమెరా ఎదుట నిలబడి, లోపలి మాటలు దానికి వినబడకుండా కొలిచిన గోడనే మళ్లీ మళ్లీ కొలుస్తూ గట్టిగా అంకెలు చదివింది.

"టూ త్రీ ఎయిట్ జీరో! రాసుకున్నావా అమ్మా?"

పావుగంట గడిచిందో లేదో, గోడ మీది కెమెరా మాట్లాడింది.

"ఆంటీ, చాలాసేపు పడుతోందే."

దీక్షిత్ గొంతు. బట్టల గదిలో సృజన గుసగుస ఠక్కున ఆగిపోయింది.

"గోడ వంకరగా ఉంది బాబూ. ఒక మూలకీ ఇంకో మూలకీ తేడా వస్తోంది. ఇప్పుడు చూడకపోతే రేపు డ్రాయర్లు పట్టవు."

"సృజన ఎక్కడ?"

"టేపు రెండో కొస పట్టుకుంది లోపల. పిలవనా?"

"వద్దులెండి. త్వరగా కానివ్వండి."

ఆమె టేపు మళ్లీ గోడకు ఆనించి అంకెలు చదవసాగింది.

సృజన బయటికొచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఫోన్ తిరిగిస్తూ, "శుక్రారం," అని మాత్రం అంది. అంతకుమించి శ్యామసుందరి అడగలేదు. తెలియకపోవడమే మంచిదని హెల్ప్‌లైన్ ఆవిడ ముందే చెప్పింది.

శుక్రవారం నాలుగింటికి దీక్షిత్ ఆమె కంపెనీ షోరూముకు వచ్చాడు. ఆమె బల్ల ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"సృజన ఎక్కడ ఆంటీ?"

"నాకు తెలీదు బాబూ." అది నిజమే.

"బుధవారం లోపల ఎవరితో మాట్లాడింది?"

ఆమె బల్ల మీది బొమ్మలు ఒక పక్కకు సర్దింది. అతను గొంతు పెంచలేదు. "మీరు టూంగాబీలో ఒక్కరే ఉంటారు కదా?" అని మర్యాదగా అడిగాడు.

పక్క బల్ల దగ్గరున్న యజమాని శివప్రసాద్ లేచి వచ్చాడు. "ఆవిణ్ణి వదిలెయ్యి. వెళ్తావా, ట్రిపుల్ జీరో కొట్టి పోలీసుల్ని పిలవనా?" అన్నాడు. దీక్షిత్ చొక్కా సవరించుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే శివప్రసాద్ ఆమెను పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లాడు. ఆమె జరిగిందంతా చెప్పి సంతకం పెట్టింది. రెండు వారాలు ఇంటికి వెళ్లలేక శివప్రసాద్ వాళ్లింట్లోనే ఉంది. వీధిలో దీక్షిత్ కారులాంటి తెల్ల కారు ఆగితే చాలు, ఆమె కర్టెన్ వెనక్కి తప్పుకునేది.

దీక్షిత్ సృజన దరిదాపులకు వెళ్లకూడదని కోర్టు ఉత్తర్వు ఇచ్చిందని తర్వాత తెలిసింది. మే నెలలో తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"ఆంటీ, నేను సృజనని. వేరే ఊర్ల ఉన్న. చైల్డ్‌కేర్‌ల పని దొరికింది."

"భయమేస్తోందా అమ్మా?"

"ఐతది ఆంటీ. గని నిద్ర పడ్తున్నది."

శ్యామసుందరికి నిద్ర పట్టడానికి ఇంకా చాలా రోజులే పట్టింది. ఇళ్లకు వెళ్లలేనంటే శివప్రసాద్ బలవంతపెట్టలేదు. జూలైలో ఆమే అడిగి ఒక పని తీసుకుంది. కేశవరావు అనే పెద్దాయన, దుప్పట్లు పెట్టుకోవడానికి అలమరా కావాలట. ఆయన ఇంటి గుమ్మం ముందు ఆమె పది నిమిషాలు నిలబడింది. ఆ తర్వాత బెల్లు కొట్టింది.